బొమ్మ కడుపులో చివరిది

కొండమీది తెగల్సారి ఊళ్ళో వేలు తెగినా గుడిలోంచి లేచి బయటికి పోవలసిందే. కొబ్బరాకు కోస్తుండగా కత్తి జారి గోరు పక్కన ఎర్రగా పూస మొలిచిందంటే చాలు, ఆ ఆడమనిషి ఎంతటి పనిమంతురాలైనా ఒళ్ళోని ఆకులు దించి, నడికట్టు సర్దుకుని, గడప దాటాలి. ఆ నెత్తురు ఎక్కడిదని అడిగే దేవుడు ఆ కొండమీద లేడు. వేలిదైనా ముక్కుదైనా ఆడదాని కడుపులోదైనా నెత్తురు నెత్తురే, మైల మైలే.

రస్మినికి ఈ నియమం ఉగ్గుపాలతో తెలుసు. దానిమీద ఆమెకు ఏనాడూ కోపం రాలేదు. నెలకు వారం గుడి గోడ అవతల కూర్చోవడం అందరు ఆడవాళ్ళకూ ఉన్నదే. ఆ వారంలో నడుం వాలుస్తారు, మొగుళ్ళను ఆడిపోసుకుంటారు, గోడ మీదుగా లోపలివాళ్ళతో మాట్లాడతారు. వారం గడిచాక తలంటుకుని లోపలికి పోతారు. గడవని వారం ఒకటి ఉంటుందని మాత్రం ఆమె ఎన్నడూ అనుకోలేదు.

ఆమె ఆ ఊరికి కోడలు. ఊరిగుడి నైవేద్యాలన్నిటికీ పెద్దదిక్కైన మెన్ సుకర్తకు పెద్దకోడలు. ముసలావిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. పెద్దకొడుకు సుకర్త పుట్టినప్పటినుంచీ సుకర్త తల్లి అనే అర్థంలో ఊరంతా అలాగే పిలుస్తుంది. ఆ సుకర్తే రస్మిని మొగుడు. తోటల్లో కమలాలు లారీకెత్తించి దిగువ సంతలకు తోలతాడు. మాటకు మెత్తన, పనికి అంతకన్నా మెత్తన.

ఏడు నెలలకోసారి వచ్చే గుడి తిరునాళ్ళకు ఆ ఊళ్ళో సరద్ నిలబెడతారు. వెదురు చట్రం మీద మనిషికి రెండింతల ఎత్తున, రంగుల బియ్యప్పిండితో చేసి నూనెలో వేయించిన బొమ్మలు కడతారు. అడుగున తాబేలు, దాన్ని చుట్టుకున్న పాములు, ఆపైన చెట్లు, పిట్టలు, మనుషులు. అన్నిటికీ పైన, విసనకర్రలాంటి కిరీటంతో అమ్మ. తక్కిన బొమ్మలకు పదిమంది చేతులు పడతాయి. అమ్మ బొమ్మ మాత్రం మెన్ సుకర్త ఒక్కతే, గోడవైపు తిరిగి కూర్చుని చేస్తుంది. ఆ బొమ్మ కడుపు గుల్లగా ఉంచి, లోపల కొన్ని వస్తువులు ఒక వరసలో పెట్టి, పిండితో మూసి నూనెలో వేయాలి. ఏమేం పెడతారో చేసే మనిషికి తప్ప తెలియకూడదు. వరస తప్పినా, ఒకటి తక్కువైనా, బొమ్మ నూనెలో పగిలిపోతుందంటారు.

తిరునాళ్ళయ్యాక తక్కిన బొమ్మలన్నీ ఇంటింటికీ పంచుకుని తినేస్తారు. అమ్మను తీసుకెళ్ళి మడి కాలవలో కరిగిస్తారు. కాబట్టి పోయినసారి బొమ్మను విప్పి చూసి నేర్చుకుందామంటే కుదరదు. ఫోన్లలో ఫొటోలకేం, కావలసినన్ని ఉన్నాయి. కడుపులో ఉన్నది ఫొటోకెలా దొరుకుతుంది?

మెన్ సుకర్తకు ఆ విద్య ఆవిడ అత్త ఇచ్చింది. ఈవిడ రస్మినికి ఇవ్వాలి. ఇచ్చే రోజు కూడా దగ్గరపడింది. ముసలావిడ కళ్ళకు పొరలు కమ్మాయి, కాఫీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికి సగం చాప తాగుతోంది. వచ్చే తిరునాళ్ళకు అమ్మ బొమ్మ దగ్గర నువ్వు నా పక్కన కూర్చోవాలే అని పెద్దకోడలికి చెప్పేసింది. చిన్నకోడలు సండత్ కూడా ఉంది గాని, దాని చేతికి పిండి ఇస్తే పిండిని చంపేస్తుందని ముసలావిడ తీర్మానం. నోటిపనికైతే దాన్ని మించినవాళ్ళు లేరని కూడా అనేది, సండత్ వింటుండగానే.

ఆ తిరునాళ్ళు ఇంకా నాలుగు నెలలుందనగా రస్మిని కమలాల తోటలో గంపతో సహా పడిపోయింది.

పడకేం చేస్తుంది. మూడో బిడ్డ పుట్టగానే ఊళ్ళో అందరిలాగే రాగి లూప్ వేయించుకుంది. తెగల్సారిలో లూప్ గుట్టుగా దాచుకునే సంగతి కాదు. అత్తల కాలంలో ఊరి సభలో హాజరు పిలిచి, ఎవరింట్లో ఏ పద్ధతో మొగవాళ్ళ చేత లేచి చెప్పించేవాళ్ళట. మెన్ సుకర్త మొగుడు లేచి, లూప్ అనే మాట నోరు తిరగక "ఇనుము" అన్నాడు. పోయేదాకా ఆయన ఊరికి ఇనుం మామే. ఇనుమైనా రాగైనా అది పిల్లల్ని ఆపింది గాని, నెత్తురును మాత్రం తోడిపోసింది. నలభై దగ్గరపడేసరికి రస్మినికి నెల వచ్చిందంటే వరదే. గుడ్డలు తడిసి, లుంగీ తడిసి, కింద చాప తడిసి, మొహం ఉడకబెట్టిన కర్రపెండలం రంగుకు తిరిగేది. మెట్లెక్కితే గుండె చెవుల్లో కొట్టుకునేది. ఆడపుట్టుక అంతేలే అనుకుంది, తోటలో కూలబడేదాకా.

జిల్లా ఆసుపత్రిలో డాక్టరమ్మ పరీక్షలు చేసి, ఒంట్లో ఉండవలసిన నెత్తురులో సగమే ఉందని, గర్భసంచి గోడ మందమెక్కి ఉబ్బిందని చెప్పింది. సంచి తీసేయవచ్చు, అంతకు ముందు ఒకమాటు మందు లూప్ వేసి చూద్దామంది. రాగిది తీసేసి దాని స్థానంలో చిన్న ప్లాస్టిక్ పుల్ల పెడతారట. దాంట్లోంచి రోజూ ఒక పిసరు మందు ఆ లోపలి గోడకే అందుతుందట. గోడ పలచబడితే వరద ఆగుతుంది, నొప్పి తగ్గుతుంది, కొన్నేళ్ళపాటు పిల్లల బెంగ కూడా ఉండదు. మొదట్లో మాత్రం చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది, మూడు నెలలు పట్టొచ్చు, ఆరు పట్టొచ్చు, ఓర్చుకోమంది. రస్మిని చెవిన "వరద ఆగుతుంది" ఒక్కటే పడింది. మనిషి దాహంతో ఉన్నప్పుడు బావి ఎంత లోతని అడగదు.

వరద నిజంగానే ఆగింది. రెండో నెలకే మొహంలో రంగు తిరిగింది. గంప నెత్తికెత్తుకుని గట్టెక్కితే ఆయాసం రాలేదు. కింది పెదవి లోపల ఎరుపు చూసుకుని అద్దం ముందు తనలో తాను నవ్వుకుంది కూడా. కాని చుక్క ఆగలేదు. రోజూ పొద్దున గుడ్డ మీద కాఫీ మడ్డి అంటినట్టు చిన్న మరక. ఒకనాడు గోధుమరంగు, ఒకనాడు ఎరుపు. రెండు రోజులు కనపడక, ఇంక తలంటుకుందామని నీళ్ళు కాచుకుంటే, ఆ నీళ్ళు చల్లారకముందే మళ్ళీ. రొమ్ములు తాకితే సలుపు. నుదుటి మీద ఎప్పుడూ ఒక బరువు, ఊరికే ఏడుపు. నలభై ఏళ్ళ మొహాన గడ్డం కింద మొటిమలు.

"అక్కకు పడుచుదనం తిరగబెట్టింది, బావను కొంచెం కనిపెట్టి ఉండండి," అని సండత్ నీళ్ళకాడ నలుగురిలో అంది. నలుగురూ నవ్వారు. రస్మిని కూడా నవ్వింది. ఇంటికొచ్చాక నవ్వలేదు.

ఇంటి దేవుడి అరుగు దగ్గరికి పోవడానికి లేదు. పొద్దున్నే పెట్టే పూల దొన్నెలు కూడా సండత్ వచ్చి పెట్టిపోయేది, పెట్టిపోతూ పెరడంతా చూసి పోయేది. పూర్వం వారం మునిగినా మూడు వారాలు ఒడ్డున ఉండేది. ఇప్పుడు మునగదు, ఒడ్డెక్కదు. ఒంట్లో నెత్తురు నిలబడింది, మనిషి మాత్రం గోడ అవతలే ఉండిపోయింది.

ఊరి నర్సమ్మ యులిని అడిగింది. యులి దిగువ ఊరి పిల్ల, మోటారు సైకిల్ మీద అయిదు ఊళ్ళు తిరుగుతుంది, ఎప్పుడు చూసినా ఆవలిస్తూ ఉంటుంది. ఇది ముట్టు కాదు వదినా, లోపలి గోడ మందుకు అలవాటు పడుతోంది, అంతే అని చెప్పింది. ఆ మాట పట్టుకుని రస్మిని అత్త దగ్గరకు పరుగున వచ్చింది. ముట్టు కాదంట అత్తా, గుడిలో బొమ్మలు చేసే పాకలోకి రావచ్చా అంది.

మెన్ సుకర్త వక్కాకు నలుగుతున్న నోరు ఆపింది.

"ముట్టు కాకపోతే చెమటా?" అంది. "నర్సు పిల్ల చెప్పింది నిజమే అయ్యుంటుంది. నువ్వు చెప్పేదీ నిజమే. రేపు తిరునాళ్ళలో నీ వెనకాల చుక్క పడితే ఆ నిజాన్ని ఏ నీళ్ళతో కడుగుతారే? నేను కడగలేను."

అత్త కోపంగా అనుంటే బాగుండేది, ఎదురుతిరగడానికి వీలుండేది.

తిరునాళ్ళు ఇరవై రోజులుందనగా ఆమె ఒక లెక్క వేసుకుంది. లూప్ తీయిస్తే ఈ చుక్కలు ఆగుతాయి. తీసిన వెంటనే ఒకసారి నెల వచ్చి పోతుంది. వచ్చిపోయాక ఎటు చూసినా పదిరోజులు శుభ్రం. ఆ పదిరోజుల్లో పాక, పిండి, అమ్మ బొమ్మ. తిరునాళ్ళవగానే మళ్ళీ వేయించుకుంటే సరి. వరి కోత ముందు మడిలో నీళ్ళు తీసి, కోతయ్యాక మళ్ళీ పెట్టే మనిషి వేసుకునే లెక్క అది. లెక్కలో తప్పేమీ లేదు. కడుపు మడి కాదు, అంతే.

యులి ఆవలింత ఆపి మరీ వద్దంది. మూడు నెలలు ఓర్చుకున్నావు, ఇంకో రెండు మూడు నెలలు ఓర్చుకుంటే కుదుటపడేదే, ఇప్పుడు తీస్తే పాత రోగం పాత దారినే వస్తుందని నచ్చజెప్పింది.

"నెల వచ్చి ఎన్నాళ్ళకు పోతుందో అది చెప్పు," అంది రస్మిని.

"కుండ మూత తీయమంటే తీస్తాను వదినా. ఎప్పుడు పొంగుతుందో నన్నడక్కు."

"నాకు ఒక్క పదిరోజులు చాలమ్మా."

"నాతో అంటే ఏం లాభం? దానితో చెప్పుకో," అని యులి ఆమె కడుపు వైపు చూపించి, చేతులు కడుక్కుని, చెప్పిన పని చేసింది. ఒక దగ్గు దగ్గేలోపు అయిపోయింది. పళ్ళెంలో పడ్డ ఆ పుల్లను రస్మిని వింతగా చూసింది. ఇంత చిన్నదా నన్ను గోడ అవతల కూచోబెట్టింది అనుకుంది. వరదను ఆపింది కూడా అదేనని ఆ పూట తోచలేదు.

ఆ సంగతి విని సుకర్త తల గోక్కున్నాడు. ఆ కొండల్లో నాలుగో బిడ్డకు పుట్టకముందే కెతుత్ అని పేరుంటుంది. "అయితే కెతుత్‌గాడికి తలుపు తీసినట్టేనా?" అన్నాడు. వాడొచ్చేదాకా నువ్వు అరుగు మీద పడుకో అని రస్మిని చాప బయటికి విసిరింది. ఆ ఇంట్లో ఇద్దరూ కలిసి నవ్వింది ఆ నెలల్లో అదొక్కసారే.

మూడోనాటికి నెత్తురు కనిపించింది, పెద్ద ఎక్కువేమీ కాదు, వారం తిరిగేసరికి పోయింది. గుడ్డ తెల్లగా ఉంది. మర్నాడూ తెల్లగానే ఉంది. రస్మిని తలంటుకుని, ఇంటి దేవుడి అరుగు తనే ఊడ్చి, పూల దొన్నె పెట్టి, అక్కడే కాసేపు ఊరికే కూర్చుంది. తన లెక్క ఫలించిందని గర్వపడింది కూడా. నర్సమ్మలకు చదువుంది గాని ఆడదాని ఒళ్ళు ఆడదానికే తెలుస్తుందని సండత్‌తో గొప్పగా అంది.

పాకలో పిండి పని మొదలైంది. మొదటిరోజు తాబేలు, పాములు. రెండోరోజు చెట్లు, పిట్టలు. మెన్ సుకర్త కళ్ళకు కనిపించనిది వేళ్ళతో తడిమి చూసి, పాము తోక సన్నగా లేదని విరిచి మళ్ళీ చేయించేది. రస్మిని చేసిన కొంగను తడిమి ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడమంటే మెచ్చుకోలు. సాయంత్రం లేచేటప్పుడు, రేపు పొద్దున్నే రా, తిన్నాక వద్దు, తినకముందే రా అంది. రేపు అమ్మ.

మర్నాడు తెల్లవారక ముందే నడుములో తెలిసిన పోటు. రస్మిని కదలకుండా పడుకుంది, కదలకపోతే రాదేమోనన్నట్టు. లేచి నిలబడగానే తొడల వెంట వెచ్చగా దిగింది. రాగి లూప్ నాటి వరదే. కాదు, అంతకన్నా ఎక్కువ, ఇన్నాళ్ళు ఆపినదంతా ఒక్కసారి అడుగుతున్నట్టు.

గుడ్డ మీద గుడ్డ వేసుకుని, నల్ల లుంగీ కట్టుకుని గుడి దాకా మాత్రం వెళ్ళింది. చెప్పకుండా మానేస్తే అత్త ఎదురుచూస్తుంది. గుడి గోడ అవతల కట్టెల మోపులు వేసి ఉన్నచోట కూర్చుని, వచ్చేపోయే ఒక ఆమెతో లోపలికి కబురు పంపింది. లోపల మాటలు ఆగాయి. సండత్ గొంతు వినిపించింది, పాపం అక్క అంటోంది. ఆ పాపం కన్నా తిట్టు నయమనిపించింది. రోకళ్ళ చప్పుడు మళ్ళీ మొదలైంది. ఇంటికి పోవాలని తెలుసు, పోకుండా అక్కడే కూర్చుంది.

కాసేపటికి లోపల గగ్గోలు. చూసుకోవాలి కదమ్మా అని ఎవరో, నూనెగుడ్డ తెండి అని ఎవరో. తరవాత రెండుగా చీల్చిన గోపురంలాంటి గుడి ద్వారం దగ్గర మెన్ సుకర్త కనిపించింది. ఎడమచెయ్యి బొటనవేలికి అరటినార చుట్టి ఉంది, నారలోంచి ఎర్రగా ఊరుతోంది. కత్తికి వేలు తెగింది. చూపు ఆనక తెగిందని తరవాత సండత్ అందరికీ చెప్పింది. అంతే అయ్యుండవచ్చు. కాని చూపు ఆనని ఆ కళ్ళతోనే ముసలావిడ ఏళ్ళ తరబడి ఆకులు కోస్తోంది, ఒక్కనాడూ చర్మం గీసుకున్నది లేదు. గోడ పట్టుకుని తడుముకుంటూ కట్టెల మోపుల దాకా వచ్చి కోడలి పక్కన కూలబడింది.

"మనిద్దరికీ ఇవాళ ఒకటే చోటు," అంది.

రస్మినికి ఏడుపు వచ్చింది. ముసలావిడ ఆ ఏడుపును పట్టించుకోలేదు. గోడ వారన తడిమట్టి ఒక ముద్ద తీసి, కోడలి చేతిలో పెట్టింది.

"పిండికి మైల ఉంది, మట్టికి లేదు. ఏడిస్తే చెయ్యి అదురుతుంది, ఊరుకో. ముందు తల. తలకు కిరీటం తరవాత, కడుపు ముందు. బొటనవేలితో గుల్ల చెయ్. అంత లోతు కాదు. పుట్టబోయే దానికి చోటు ఉండాలి గాని, పడిపోయేంత ఉండకూడదు."

చెయ్యి మీద చెయ్యి వేసి తిప్పించింది. తెగిన వేలి నెత్తురు మట్టిలో కలిసింది. రస్మిని తలలో అప్పటికే తేనెటీగలు మొదలయ్యాయి. కింద గుడ్డ నిండిపోయిందని, లుంగీ దాటి కట్టెమీదికి వస్తోందని తెలుస్తోంది. నోరు ఎండిపోయింది. ముసలావిడ గొంతు తగ్గించి వరస చెబుతోంది. ముందు పసుపు కలిపిన బియ్యం, చిటికెడు. దాని మీద నల్లబియ్యం. ఆ తరవాత తెల్లదారం, తూర్పుకు ఒక చుట్టు, పడమరకు ఒక చుట్టు. పిదప కొబ్బరిపువ్వు రెబ్బ, నిలువుగా. ఒక్కొక్కటే కోడలి చేత తిరిగి చెప్పించింది. రస్మిని చెప్పింది.

"ఇంక చివరిది. దీన్ని పెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టాలి," అంది ముసలావిడ. చెవి దగ్గరకు వంగింది.

వక్కాకు వాసన వచ్చింది. పెదవులు కదలడం కనిపించింది. చెవుల్లో కొండవాగు పొంగినట్టు ఒకటే హోరు, ఆ హోరులో మాట కొట్టుకుపోయింది. ఎండ నల్లగా మారి మళ్ళీ తెల్లబడింది. మళ్ళీ చెప్పు అత్తా అనాలి. వేలు కోసుకుని వచ్చిన మనిషితో, ఇన్ని నెలలు నిన్ను ఎదురుచూసేలా చేసి చివరికి వినలేకపోయానని ఎలా అంటుంది? ఇంటికెళ్ళాక అడుగుదాంలే, ఇవాళ కాకపోతే రేపు అనుకుంది.

"విన్నావా?"

"విన్నాను."

"గుర్తుంటుందా?"

"ఉంటుంది అత్తా."

ముసలావిడ మట్టిబొమ్మను నలిపేసి, చేతులు దులుపుకుంది. మొహంలో ఏదో బరువు దిగిన కళ. రస్మిని లేవబోయింది. లేచిందో లేదో తెలియదు. తరవాత తెలిసింది ఆసుపత్రి పైకప్పు, చేతికి గుచ్చిన గొట్టం, ఎవరిదో నెత్తురు సీసాలోంచి చుక్కచుక్కగా తనలోకి దిగడం.

డాక్టరమ్మ ఎక్కువ తిట్టలేదు. చుక్కల కోసం మందు తీసేసి వరద తెచ్చుకున్నావా అంది. ఆ చుక్కల వెల ఏమిటో తెల్లకోటు మనిషికి చెప్పాలంటే ఊరిగుడి గోడ మొత్తం మోసుకురావాలి. నెత్తురు ఆగడానికి మందులిచ్చి, పదిరోజులు ఉంచి, మళ్ళీ మందు లూప్ వేసి పంపారు. ఈసారి డాక్టరమ్మ చెప్పినదంతా రస్మిని విన్నది.

ఆ పదిరోజుల్లో తెగల్సారిలో తిరునాళ్ళు జరిగిపోయింది. వేలు ఆరాక మెన్ సుకర్త మళ్ళీ పాకలోకి పోయి, గోడవైపు తిరిగి, ఒక్కతే అమ్మను చేసింది. సరద్ నిలబెట్టారు, కంచు గాంగులు మోగాయి, పందికూర వండారు. మూడోనాడు అమ్మను కాలవలో కలిపి వచ్చి, ముసలావిడ కాఫీ గ్లాసు అందుకోబోతే కుడిచెయ్యి లేవలేదు. నోరు ఒక పక్కకు లాగేసింది.

రస్మిని ఇంటికి వచ్చేసరికి అత్త అరుగు మీద పడుకుని ఉంది. కోడలిని చూసి ఏదో అంది. బుడబుడమని నీటిశబ్దం వచ్చింది. కంటి చివరనుంచి నీళ్ళు కారాయి, అవి ఏడుపో జబ్బో చెప్పలేం.

ఒకరోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు రస్మిని తడిమట్టి తెచ్చింది. మట్టికి మైల లేదని చెప్పింది ఆవిడే. బొమ్మ చేసి, కడుపు గుల్ల చేసి, వరసగా నాలుగూ చెప్పి, చివరిది వినలేదత్తా, ఆవేళ అబద్ధం చెప్పాను అంది. గట్టిగా, స్పష్టంగా, రెండుసార్లు చెప్పింది. మెన్ సుకర్త బొమ్మ మీద ఎడమచెయ్యి వేసింది. వేళ్ళు గుల్ల అంచున తచ్చాడాయి. ఏదో వెతుకుతున్నట్టు చాప మీద పాకాయి, గాలిలోకి లేచాయి. గుమ్మం వైపు చూపించినట్టనిపించింది, కాదు, నీళ్ళకుండ వైపు, కాదు. చివరికి ఆ చెయ్యి విసుగుతో బొమ్మమీద పడి దాన్ని చదును చేసేసింది. తరవాత ఎన్నిసార్లు మట్టి తెచ్చినా మొహం తిప్పుకుంది.

వానలు పట్టాక ఒక పొద్దున ఆవిడ లేవలేదు. శవం లేచిన ఇంటికి మైల. ఇంటిల్లిపాదీ గుడి గడప తొక్కకూడదు. సండత్, సుకర్త, పిల్లలు, అందరూ గోడ అవతలే. ఇన్ని నెలలకు ఇల్లంతా రస్మిని ఉన్నచోటికి వచ్చి కూర్చుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే చుక్క ఆగింది. ఎవరికీ పనికిరాని రోజుల్లో, చెప్పాపెట్టకుండా. ఒకనాడు గుడ్డ తెల్లగా ఉంది, ఆ తెలుపు మళ్ళీ ఎర్రబడలేదు. తలబరువు, రొమ్ముల సలుపు తగ్గాయి, మొటిమలు మాత్రం ఒకటీ అరా మిగిలాయి. నెల దాటినా ఏమీ రాలేదు. కెతుత్ వచ్చాడేమోనని సుకర్త హడలిపోయి యులిని పిలిపించాడు. కెతుత్ లేడు, ఏమీ లేదు, కొందరికి ఇలా పూర్తిగా ఆగుతుంది, భయం లేదు, తీయించుకుంటే మళ్ళీ వస్తుంది అని యులి చెప్పి, రస్మిని కింది రెప్ప లాగి చూసి, ఇప్పుడు నెత్తురు బాగా పట్టింది వదినా అంది. ఇంకో రెండు మూడు నెలలు ఓర్చుకోమన్నానా అని మాత్రం అనలేదు. అనకపోయినా ఇద్దరికీ వినపడింది.

ఏడు నెలలు తిరిగి తిరునాళ్ళు వచ్చింది. పూజారి వచ్చి, అమ్మ బొమ్మ నువ్వే చేయాలమ్మా, మీ అత్త నీకు ఇచ్చే పోయిందట కదా అన్నాడు. కట్టెల మోపుల దగ్గర ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని కూర్చోవడం ఊరంతా చూసింది. లేదు అనడానికి అప్పుడొక వీలుంది. పూజారి చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. రస్మిని సరే అంది.

ఆ పొద్దున తినకుండా వెళ్ళింది. ఒంట్లో సత్తువ ఉంది, తల తేటగా ఉంది, గుడ్డ మీద మరక అనే మాటే లేదు. ముట్టు వచ్చే ఈడు ఆడవాళ్ళలో, ఏ రోజు పిలిచినా గుడి గడప దాటి లోపలికి పోగల మనిషి ఇప్పుడు ఊళ్ళో ఆమె ఒక్కతే. గోడవైపు తిరిగి కూర్చుంది. పిండి వెచ్చగా ఉంది. తల చేసింది, బొటనవేలితో కడుపు తొలిచింది, అంత లోతు కాకుండా. పసుపు బియ్యం పెట్టింది. నల్లబియ్యం పెట్టింది. తెల్లదారం అటు ఒక చుట్టు, ఇటు ఒక చుట్టు. కొబ్బరిపువ్వు రెబ్బ నిలువుగా. తరవాత ఊపిరి బిగబట్టింది. అది మాత్రం గుర్తుంది, ఊపిరి బిగబట్టాలని. వక్కాకు వాసన గుర్తుంది. కదిలిన పెదవులు గుర్తున్నాయి. ఎంతసేపు బిగబట్టిందో, వెనక రోకళ్ళు ఆగాయి, నూనె కాగిన వాసన వచ్చింది. ఊపిరి వదిలేసి, ఖాళీ ఉన్నచోట పిండి తట్టి మూసేసింది.

పెనం దగ్గర సండత్ కూర్చుని ఉంది. బొమ్మను రెండు చేతులా అందుకుంటూ, ఈసారి ఎకసెక్కం ఏమీ లేకుండా, భయంగా అడిగింది.

"అన్నీ పెట్టావా అక్కా?"

"పెట్టాను."

సండత్ బొమ్మను నూనెలోకి జార్చింది. నూనె ఎగసింది, చుట్టూ నురగ కట్టింది. పాకలో ఆడవాళ్ళంతా చేతిపని ఆపి చూస్తున్నారు. రస్మిని కూడా చూస్తోంది. పగిలితే ఇప్పుడు పగలాలి. పగిలితే చాలు, వినలేదని చెప్పేయవచ్చు, పదిమంది కూర్చుని ఇనుం మామ కాలంవాళ్ళను ఎవరినైనా అడిగి, తప్పు కాచమని మొక్కుకుని మళ్ళీ చేయవచ్చు. నురగ తగ్గింది. కిరీటం అంచులు ఎర్రబడ్డాయి. పొట్ట దగ్గర చిన్న బుడగ లేచి, ఆగి, అణిగింది.

పగలలేదు. అచ్చం అత్త చేసినట్టే ఉందమ్మా అని ఎవరో అన్నారు. సండత్ గరిటెతో బొమ్మను తిరగేసింది, రెండో పక్క కూడా చక్కగా వేగింది.